సదరం ఉంది, పని ఎట్లా దొరకాలి? దొరికిన పని ఎట్లా నిలవాలి?

వారానికి నాలుగుసార్లయినా నాకు ఈ మెసేజ్ వస్తుంది: "అక్కా, మా తమ్మునికి డెబ్బై శాతం సదరం ఉంది, టెన్త్ పాస్, ఏదన్న జాబ్ ఉంటే చెప్పు." ఒకరోజు దేవరకొండ నుంచి, ఇంకోరోజు మక్తల్ నుంచి. పేర్లు మారతాయి, మెసేజ్ మారదు. విడివిడిగా జవాబులు టైప్ చేసీ చేసీ వేళ్లు నొప్పి పెట్టి, అంతా ఒకచోట రాస్తున్నాను.

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే సర్టిఫికెట్. ఆ మెసేజ్‌లో శాతం ఉంది, చదువు ఉంది. తమ్ముడు ఏం చేయగలడో మాత్రం లేదు. జడ్చర్ల దగ్గర ప్యాకింగ్ సూపర్‌వైజరైనా, మిర్యాలగూడ రైస్ మిల్లు సేటైనా డెబ్బై శాతాన్ని చూసి జీతమివ్వరు, జరిగే పనిని చూసి ఇస్తారు. కింద రాసిందంతా ఆ ఖాళీని నింపడం గురించే. నాకు ఎడమ కాలికి పోలియో, క్యాలిపర్ (కాలికి కట్టుకునే ఊత) వేసుకుని తిరుగుతాను, కాబట్టి ఇందులో కొన్ని నా ఒంటి మీద నేర్చుకున్నవి, మిగతావి ఇతరులను పనిలో పెట్టబోయి తప్పులు చేసి నేర్చుకున్నవి.

చేతిలో ఉండాల్సినవి

సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబర్, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా, చదివినంతవరకు మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, నాలుగు ఫొటోలు. వీటితోపాటు ఒక నోట్‌బుక్. అది ఎందుకో రెండో మెట్టులో చెప్తాను, అన్నిటికంటే అదే ముఖ్యం.

1. ముందు కాగితాల్లో పేర్లు కలుస్తున్నాయో చూడండి

టెన్త్ మెమోలో మహేశ్వరి, ఆధార్‌లో మహేశ్వరమ్మ, సదరంలో ఇంటిపేరు పుట్టింటిది, బ్యాంకులో అత్తింటిది. పని దొరికాక పీఎఫ్ దగ్గర ఇది బయటపడితే జీతం ఆగుతుంది, పిల్ల ఇంటికొస్తుంది. మెమోలో ఉన్న పేరునే అసలుగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించి, ఆ తర్వాత మిగతావి మార్చుకోండి.

సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది, చాలామంది అది దాటిపోయాక కనుక్కుంటారు. కార్డు లేనివాళ్లు మీసేవలోగానీ ఫోన్‌లో స్వావలంబన్ పోర్టల్‌లోగానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్త కార్డు రంగు శాతాన్ని బట్టి ఉంటుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 79 వరకు పసుపు, 80, ఆపైన నీలం. రిజర్వేషన్‌కు కనీసం 40 ఉండాలి. ప్రైవేటు పనికి ఆ గీత అక్కర్లేదు, కాబట్టి 30 శాతం వచ్చిందని ఏడుస్తూ కూర్చోకండి.

ఒరిజినల్స్ ఎవరి దగ్గరా వదిలి రావద్దు. "వెరిఫికేషన్ అయ్యాక ఇస్తాం" అంటే జిరాక్స్ మీద సంతకం పెట్టి ఇచ్చి, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.

2. వారం రోజులు గమనించి పనుల చిట్టా రాయండి

నోట్‌బుక్ దీనికే. పేజీని మూడు గళ్లు చేయండి: ఎవరి సాయం లేకుండా చేసేవి, ఒక్కసారి చెప్తే చేసేవి, వేరేవాళ్ల చెయ్యి పడాల్సినవి. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి వరకు ఏ పని, ఏ టైంకు, ఎంతసేపు అని వారం పాటు రాయండి. చిన్నదని వదిలేయొద్దు. గొర్రెలు లెక్కపెట్టడం, రీచార్జ్ చేయడం, గిన్నెలు సైజు వారీగా సర్దడం, అన్నీ.

మర్రిగూడ వైపు ఒకాయన, ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు. మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి, కింద కూర్చోలేడు. ఇంట్లో అడిగితే "ఏం చేస్తడమ్మా, మంచంల కూసుంటడు" అన్నారు. వారం రాశాక తేలిందేంటంటే, వాడకట్టు ఆడవాళ్ల చిట్టీ డబ్బుల లెక్కంతా ఆయన దగ్గరే ఉంది, మూడేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు. పొద్దున తొమ్మిది దాకా కీళ్లు సాగవు, ఎత్తు స్టూలు మీదైతే సాయంత్రం వరకు కూర్చోగలడు. అంటే మనం వెతకాల్సింది "ఏదన్న జాబ్" కాదు, పది గంటలకు మొదలయ్యే బిల్లింగ్ కౌంటరు, ఒక ఎత్తు స్టూలు. అంత పక్కాగా తెలిశాక తిరగాల్సిన దుకాణాలు నలభై నుంచి ఆరుకు తగ్గాయి. ఇప్పుడు ఎరువుల దుకాణంలో చేస్తున్నాడు.

ఇక్కడ అందరూ చేసే తప్పు: మనిషిని అడగకుండా వాళ్ల అమ్మను అడగడం. అమ్మ "అన్నీ చేస్తడు" అంటుంది, లేకుంటే "వానికేం రాదు" అంటుంది. రెండూ పనికిరావు. మాట రానివాళ్లయితే చూపించి అడగండి, రెండు రకాల పని ముందర పెట్టి దేనివైపు చెయ్యి పోతుందో చూడండి.

చిట్టా సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే ఆ మనిషిని ఎప్పుడూ చూడనివాళ్లకు చదివి వినిపించండి. "ఇతను ఫలానా పనికి బాగుంటాడు" అని వాళ్లంతట వాళ్లు అంటే చిట్టా బాగున్నట్టు. "పాపం" అంటే మళ్లీ రాయండి.

3. పింఛన్ లెక్క ఇంట్లో ముందే తేల్చుకోండి

"పనికి పోతే పింఛన్ పోతది" అనే భయం దగ్గర సగం కేసులు ఆగిపోతాయి. పైకి చెప్పరు, చేరే రోజు కడుపునొప్పి వస్తుంది. మన తెలంగాణలో వికలాంగుల పింఛన్ నెలకు 4,016 రూపాయలు, ఏడాదికి 48,192. నిబంధనల్లో కుటుంబ ఆదాయం, ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం ఉందా అన్నవి చూస్తారు కాబట్టి మీ ఇంటి సంగతి ఎంపీడీవో ఆఫీసులోనో మున్సిపాలిటీలోనో ముందే అడిగి, తర్వాత కాగితం మీద లెక్క వేయండి. జీతం 11,000 అనుకుంటే బస్సు, మధ్యాహ్నం తిండి, గది కిరాయి తీసేయగా చేతికి ఎంత మిగులుతుంది? పింఛన్ పోయే పరిస్థితే ఉంటే మిగిలేది దానికంటే ఎంత ఎక్కువ? నెలకు వెయ్యి మాత్రమే తేడా వచ్చే పనికి షాద్‌నగర్‌లో గది తీసుకుని పొమ్మని నేనైతే చెప్పను, ఊరి దగ్గరే ఇంకోటి చూద్దాం అంటాను.

ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి ఆ ఖర్చు ఉండదు. మగవాళ్లు ఆర్టీసీ రాయితీ పాస్ తీసుకోండి. బస్సు ఉచితమే కానీ పల్లెవెలుగు మెట్టు ఎత్తు అట్లాగే ఉంది, అది ఆరో మెట్టులో.

4. ఎక్కడ వెతకాలి

మొదట ఇంటికి పది కిలోమీటర్ల లోపు. మెడికల్ షాపు, జిరాక్స్ సెంటర్, పెట్రోల్ బంకు, సూపర్ మార్కెట్ ప్యాకింగ్, రైస్ మిల్లు కాంటా దగ్గర చీటీలు రాయడం. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి వైపు అయితే మగ్గం దగ్గర కండెలు చుట్టడం. ఆ తర్వాత కంపెనీలు: జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ వైపు ప్యాకింగ్, లేబులింగ్ లైన్లు. అక్కడ గేటు దగ్గర కాంట్రాక్టర్‌తో కాకుండా హెచ్ఆర్ వాళ్లతోనే మాట్లాడండి, ఎందుకంటే కాంట్రాక్టర్ బరువులు మోసేవాళ్లనే లెక్కపెడతాడు.

హైదరాబాద్ విద్యానగర్‌లో ఏటీఐ అనే శిక్షణ సంస్థ ఆవరణలో దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది, పాతవాళ్లు వీఆర్‌సీ అంటారు. ఏ పనికి సరిపోతారో చూస్తారు, శిక్షణ కూడా ఇస్తారు, ఫీజు లేదు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు బోయిన్‌పల్లిలో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర సంస్థ ఉంది. చూపు తగ్గినవాళ్లు కంప్యూటర్ పని చేయలేరని ఎవరన్నా అంటే నమ్మకండి, తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉండనే ఉంది.

మధ్యలో సర్కారు ఉద్యోగం గురించి, ఎందుకంటే తర్వాతి మెసేజ్ అదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్కారు పోస్టుల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, రాష్ట్ర నియామకాల్లో వయసు సడలింపు 10 ఏళ్లు, రాతకు ఇబ్బంది ఉన్నవాళ్లకు స్క్రైబ్ (వాళ్లు చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. రాయండి, తప్పకుండా రాయండి. కానీ చిన్నదో చితకదో ఒక పని చేస్తూ రాయండి. ఆరేళ్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో కూర్చుని ముప్ఫై నాలుగేళ్లకు మొదటిసారి పని వెతుక్కునేవాళ్లను చూశాను, అప్పుడు కష్టం రెట్టింపు అవుతుంది.

జాగ్రత్త: "బ్యాక్‌లాగ్ పోస్టు ఉంది, రెండు లక్షలు ఇస్తే సార్‌తో మాట్లాడతా" అని వచ్చేవాడు ప్రతి మండలంలో ఒకడుంటాడు. బ్యాక్‌లాగ్ పోస్టులంటే ముందు భర్తీ కాకుండా మిగిలినవి, వాటికీ నోటిఫికేషన్ పడుతుంది, మార్కులు ఉంటాయి, జాబితా పెడతారు. డబ్బు అడిగాడంటే అది దొంగ మాటే. బంగారం కుదువబెట్టి ఇచ్చినవాళ్లు ఇప్పటికీ వడ్డీ కడుతున్నారు.

5. సేటుతో మాట్లాడే రోజు

సదరం ముందర పెట్టకండి, చిట్టా పెట్టండి. "పుణ్యముంటది సార్, కాళ్లు లేనోడు" అని మొదలుపెడితే ఆయన జేబులోంచి వంద తీసి ఇస్తాడు, పని ఇవ్వడు. ఇట్లా అనండి: "సార్, మీ కౌంటర్‌లో సాయంత్రం బిల్లు రాయడానికి, స్టాక్ రిజిస్టర్ రాయడానికి ఒక మనిషి కావాలి కదా, ఈయన ఆ రెండూ చేస్తాడు. బస్తాలు ఎత్తలేడు. మూడు రోజులు కూలి ఇచ్చి చూడండి, నచ్చితే నెల జీతం మాట్లాడుకుందాం."

చేయలేనిది కూడా అప్పుడే చెప్పేయాలి. ఫిట్స్ ఉండి, యంత్రాల దగ్గర పని అయితే అసలు దాచొద్దు. మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు జబ్బు పేరు, కథంతా చెప్పక్కర్లేదు, "పొద్దున మాత్రల వల్ల మగతగా ఉంటది, పదింటి షిఫ్ట్ కావాలి" అంటే సరిపోతుంది.

ఊరికే చేయడానికి ఒప్పుకోకండి. "ముందు రెండు నెలలు నేర్చుకోనీ, తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత రాదు. పక్కవాడికి ఎంతిస్తే ఇతనికీ అంతే. ముక్కల లెక్కన కూలి అయితే రోజుకు ఎన్ని ముక్కలు వస్తాయో ట్రయల్ మూడు రోజుల్లో లెక్కపెట్టి, అప్పుడు ఒప్పుకోండి.

6. చేరే ముందు ఆ చోటుకు మీరే వెళ్లి చూడండి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. పేరు చెప్పను, జాతీయ రహదారి మీద ఒక ప్యాకింగ్ యూనిట్, చంకకర్రలతో నడిచే ఒక చెల్లెకు పని ఇప్పించాను. కూర్చుని చేసే పని, జీతం బాగుంది, హెచ్ఆర్ మేడమ్ మంచిది. పదకొండో రోజు మానేసింది. ఫోన్ చేస్తే "ఇంటికాడ పనుందక్కా" అంటుంది. ఇంటికి పోయి కూర్చుంటే వాళ్ల అమ్మ లేని టైం చూసి చెప్పింది. టాయిలెట్‌కు మూడు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, లోపల నేల ఎప్పుడూ తడి. ఒకసారి జారింది. అప్పట్నుంచి పొద్దున ఇంట్లో చాయ్ కూడా తాగకుండా వెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చేదాకా చుక్క నీళ్లు ముట్టలేదు. పదో రోజుకు మూత్రంలో మంట, జ్వరం. నేను ఇంటర్వ్యూ గది చూశాను, కుర్చీ చూశాను, టాయిలెట్ చూడలేదు. రెండు అడుగుల ఇనుప కడ్డీ, ఒక రబ్బర్ పట్టా వేస్తే తీరే సంగతి.

అందుకే ఇప్పుడు మనిషిని వెంటబెట్టుకునే వెళ్తాను, డ్యూటీ టైంకే వెళ్తాను. చూసేవి ఇవి:

ఇంటి నుంచి అదే బస్సులో, అదే రద్దీలో వెళ్లి చూడండి, ఆటోలో కాదు. స్టాప్ నుంచి గేటుకు ఎంత దూరం, వానకు ఆ దారి ఎట్లుంటుంది? రాత్రి షిఫ్ట్ దిగాక ఆఖరి బస్సు ఉందా? టాయిలెట్ లోపలికి వెళ్లి తలుపు వేసి చూడండి, చక్రాల కుర్చీ పడుతుందా, గడియ అందుతుందా? నీళ్లు, అన్నం తినే చోటు ఏ అంతస్తులో? వినపడనివాళ్లయితే సైరన్ మోగినప్పుడు వాళ్లకు ఎట్లా తెలుస్తుంది, లైటు వెలుగుతుందా, లేక పక్కన ఎవరైనా భుజం తట్టాలా? అట్లయితే ఆ తట్టే మనిషి పేరు అప్పుడే రాయించుకోండి.

లోపం కనిపిస్తే వద్దనుకుని రాకండి, అడగండి. చిన్నవైతే చాలామంది చేస్తారు, అడిగినవాళ్లు లేకే చేయలేదు అంటారు.

7. మొదటి రెండు వారాలు పనిని ముక్కలు చేసి నేర్పండి

పనిని మనిషికి తగ్గట్టు మార్చడం మనకు కొత్తేం కాదు. చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజాలు నొప్పి పుడుతున్నాయని, చీర నేసే ముందు నూలు చుట్టే ఆసు యంత్రం తయారుచేసింది మన పాత నల్లగొండ జిల్లాలోనే, 1999లో అది పూర్తయింది. మనకు అంత యంత్రం అక్కర్లేదు, చాలాసార్లు అట్టముక్క చాలు.

నిజంగానే అట్టముక్క. వనపర్తి వైపు ఒక హోల్‌సేల్ కిరాణంలో ఒక అబ్బాయి, మేధో వైకల్యం, లెక్క పది దాటితే తప్పుతుంది. అక్కడ పని అరకిలో పప్పు ప్యాకెట్లు ఇరవై లెక్కపెట్టి సంచిలో వేయడం. మొదటి రోజు ఒక సంచిలో పదిహేడు, ఇంకోదాంట్లో ఇరవై మూడు. సేటు ముఖం మాడింది. పాత ఫ్రిజ్ అట్టపెట్టె కోసి, స్కెచ్ పెన్నుతో ఇరవై గళ్లు గీశాం, గడికి ఒక ప్యాకెట్. అన్నీ నిండితే సంచిలోకి తోసి మూతి కట్టు, మళ్లీ మొదలు. లెక్కే లేదు, ఖాళీ గడి ఉందా లేదా అంతే. నాలుగో రోజుకు తప్పులు పోయాయి. ఇప్పుడు ఆ దుకాణంలో మిగతావాళ్లు కూడా అదే అట్ట వాడుతున్నారు, ఫోన్ మాట్లాడుకుంటూ కట్టొచ్చు కదా.

పద్ధతి ఏంటంటే, ముందు మీరు ఆ పని గంటసేపు చేయండి. చేస్తూ ప్రతి కదలికనూ రాయండి, పది పన్నెండు ముక్కలొస్తాయి. మనిషి ఎక్కడ ఆగుతున్నాడో ఆ ముక్క దగ్గర మాత్రమే అట్ట, రంగు టేపు, ఫోన్ అలారం, ఫొటో, ఏదో ఒకటి పెట్టండి. వినపడనివాళ్లుంటే పక్కన చేసేవాళ్లకు ఒక ఇరవై సైగలు నేర్పండి, ఆపు, అయిపోయింది, జాగ్రత్త, టీ, రేపు సెలవు ఇట్లాంటివి, మిగతాది వాట్సాప్‌లో.

మీరు పక్కన కూర్చోవడం రోజూ కొంచెం తగ్గించాలి. తప్పు చూడగానే మీ చెయ్యి పెట్టేయకండి, పది లెక్కపెట్టి ఆగండి. రెండు వారాల తర్వాత కూడా మీరు లేకపోతే పని జరగట్లేదంటే మనిషి తప్పు కాదు, ముక్కలు సరిగ్గా కోయలేదు, మళ్లీ కోయండి.

8. నిలబెట్టడం

నేను చూసినంతలో పని పోవడానికి మొదటి కారణం సూపర్‌వైజర్ మారడం. పాతాయన స్టూలు ఇచ్చాడు, పదింటికి రానిచ్చాడు, అంతా నోటిమాట. కొత్తాయన వచ్చి "నీకేం స్పెషలా" అంటాడు. అందుకని ఒప్పుకున్నవన్నీ, టైం, స్టూలు, బరువు ఎత్తకపోవడం, అన్నీ ఒక పేజీ మీద రాయించి సంతకం తీసుకోండి, ఒక కాపీ మనిషి దగ్గర, ఒకటి హెచ్ఆర్ ఫైల్లో.

మొదటి వారం రోజూ సాయంత్రం ఫోన్ చేయండి. "ఎట్లుంది?" అని కాదు, దానికి "మంచిగుంది" అనే వస్తుంది. "ఇయ్యాల ఎవరితో కూసొని తిన్నవు? నీళ్లెన్నిసార్లు తాగినవు?" అని అడగండి. ఒంటరిగా తింటున్నారంటే అది మొదటి హెచ్చరిక. సోమవారాలు డుమ్మా కొడుతున్నారంటే రెండోది.

మొదటి నెల జీతం ఖాతాలో పడిందా, అనుకున్న తేదీకి పడిందా, కోతలు దేనికి? పీఎఫ్ యూఏఎన్ నంబర్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) వచ్చిందా? ఈఎస్ఐ వర్తించే చోట మామూలు ఉద్యోగులకు జీతం హద్దు 21,000, వికలాంగులకు 25,000. ఇది తెలియక అకౌంటెంట్లు 22,000 జీతముందని పేరు ఎక్కించరు, చెప్పి ఎక్కించుకోండి. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో కూడా చూడండి. అన్న జేబులో ఉంటే, నెల మొత్తం పనిచేసి నూరు రూపాయలకు చెయ్యి చాపాల్సి వస్తే, ఎవరికైనా మూడో నెలకు పని మీద మనసు పోతుంది. ఇంట్లో ఈ గొడవ ఎత్తడం కష్టమే, అయినా ఎత్తాలి.

మూడో నెలలో సేటును విడిగా అడగండి: "ఇతను రాకపోతే మీకు ఏ పని ఆగుతుంది?" వెంటనే జవాబు వస్తే పని నిలిచినట్టే. ఆలోచిస్తున్నాడంటే చిట్టా తీసి ఇంకో పని జోడించండి.

9. గొడవ వస్తే

వెంటనే అరవకండి, రాయండి: తేదీ, ఎవరు, ఏమన్నారు. 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలో వికలాంగుల కోసం లైజన్ ఆఫీసర్ ఉండాలి, ముందు వారికి రాతపూర్వకంగా ఇవ్వండి. జరగకపోతే జిల్లా సంక్షేమ అధికారికి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో, అది కూడా కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు. ప్రతిచోటా కాపీ మీద ముద్ర వేయించుకోండి, ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినట్టే కాదు.

సర్కారు ఉద్యోగంలో ఉండగా ప్రమాదమో జబ్బో వచ్చి వైకల్యం వస్తే తీసేయడానికి వీల్లేదు, అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, 2016 చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. రంగులు గుర్తించలేడని పక్కన పెట్టిన ఒక ఆర్టీసీ డ్రైవర్‌కు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. "స్వచ్ఛందంగా మానేస్తున్నా" అని రాసిమ్మంటే మాత్రం ఆ రోజు సంతకం పెట్టకండి, ఇంటికి తెచ్చి ఎవరికైనా చూపించండి.

ప్రైవేటులో ఎంత చేసినా కుదరక మానేయాల్సి వస్తే, ఆఖరి జీతం తీసుకునే రోజే అనుభవ పత్రం అడగండి, అందులో హోదా ఒక్కటే కాకుండా చేసిన పనులు వరుసగా రాయించండి. యూఏఎన్ నంబర్ నోట్‌బుక్‌లో ఉందో లేదో చూసుకోండి, వచ్చే కంపెనీలో అదే నంబర్ ఇవ్వాలి.